పొడుగుకాయ

పొద్దున తొమ్మిదింటికి మా వీధిలోకి కూరగాయల ఆటో వస్తుంది. మైకులో ఒకటే గొంతు, ఒకటే వరస. టమాటా, వంకాయ, బెండకాయ, మునక్కాయ. తెనాలిలో ఈ గోల లేని వీధి ఇప్పుడు లేదు. నేను మెల్లగా గేటు దాకా నడిచి, "పొడుగుకాయలు నాలుగు ఇవ్వు అబ్బాయ్" అంటాను. ఆటో కుర్రాడు కొత్తలో పొట్లకాయ తీసి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు అలవాటు పడ్డాడు.

మొన్న వాడి బదులు ఇంకొకడు వచ్చాడు.

"పొడుగుకాయలంటే ఏంటి మామ్మగారూ? పొట్లకాయా, సొరకాయా?"

వేలు పెట్టి చూపించాను.

"మునక్కాయలా. ఆ ముక్క చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావుగా, చాల్లే. ముదురువి ఇవ్వకు" అన్నాను.

అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మా మనవరాలు తలెత్తింది. "మామ్మా, ఎవర్ని పడితే వాళ్ళని మొహం మీదే కడిగేస్తావు. ఆ ఒక్క మాట అనటానికి నీకేం రోగం?"

చెప్పాలంటే నాలుగు రోజుల ప్రయాణం చెప్పాలి. అంతసేపు మాట్లాడితే నాకు ఆయాసం. ఆ సంగతే అన్నాను. అది లోపలికి పోయి, సగం రాసి వదిలేసిన తన నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అయితే రాయి. ఊరికే కూర్చుని మోకాళ్ళు నొక్కుకోవటమేగా."

అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఇందులో సొగసులు వెతక్కండి. చదివేటప్పుడు నాకు పెదాలు కదులుతాయి గానీ రాసేటప్పుడు కదలవు. అందుకే ఆ మాట రాయటానికి నాకు ఇబ్బంది లేదు. నోటితో అనటానికే.

మాకు పడవ ఉండేది. తాతది. అడవులదీవి వైపు ఉప్పు ఎత్తుకుని, కాలువ మీద ఎదురు నీళ్ళలో తెనాలి దాకా తెచ్చేవాళ్ళు. తాత చుక్కాని పట్టేవాడు, నాన్న మిగతా పనంతా చేసేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే నాన్న గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని లాగేవాడు. పడవ నడుమంతా ఉప్పు రాశి, పైన తాటాకు తడికలు. వెనక వైపు చిన్న తాటాకు కప్పు. దాని కిందే పొయ్యి, దాని కిందే పడక. గుగ్గిలం, చేపనూనె, నానిన కొబ్బరి తాడు, ఈ మూడూ కలిసిన కంపు ఒకటి ఉండేది. ఇప్పుడు ఎంత డబ్బు పెట్టి వెతికినా ఆ కంపు దొరకదు.

అంతకు ముందు వానాకాలం చివర్లో మా అమ్మ జ్వరమొచ్చి పోయింది. రేపల్లెలో మాకొక గది ఉండేది, దానికి తాళం పడింది. నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, ఎవరూ లెక్క రాసి పెట్టలేదు. మూడో నెల మాసికం నాడు తెనాలి నుంచి రైల్లో మా మేనత్త వచ్చింది. అందరూ తిని లేచాక అసలు సంగతి ఎత్తింది.

"పడవ మీద ఆడపిల్లేంటి నాన్నా? నా దగ్గర వదిలెయ్యండి. నా ఇద్దరితో పాటు ముగ్గురు."

నాన్న నేల చూపులు చూశాడు. తాత చుట్ట ఆర్పి, నా వైపు చూడకుండా, నాకు వినపడేట్టు చెప్పాడు. "ఒక్క తడవ తీసుకెళ్తాను. వండి పెట్టి, అడ్డం పడకుండా ఉంటే ఉంటది. లేకపోతే తెనాలి రేవులోనే నీకు అప్పజెప్తా."

అత్త చెడ్డది కాదు. కానీ నాకు అమ్మ పోయి ఇంకా నాలుగు నెలలు కాలేదు. నాన్న కూడా కళ్ళ ముందు లేకుండా పోతాడంటే నా వల్ల కాదనిపించింది. ఆ తడవ నెగ్గుకు రావాలి. నాకు తెలిసింది అంతే.

పడవ ఎక్కే ముందు తాత నాకు మాటలు నేర్పాడు. నీళ్ళ మీద కొన్ని అనకూడదు. అన్నం అడుగంటింది అనకూడదు, నల్లబడింది అనాలి. పొద్దు గుంకింది అనకూడదు, పొద్దు ఇంటికి పోయింది అనాలి. కాలువలో మునిగి వచ్చాను అనకూడదు, తల తడిపి వచ్చాను అనాలి. మునక్కాయని మునక్కాయ అనకూడదు. ఆ మాటలోనే మునక ఉంది. పొడుగుకాయ అనాలి.

"అంటే ఏమవుద్ది తాతా?"

"ఏమవుద్దో తెలుసుకున్నవాళ్ళు వచ్చి చెప్పలేదు" అన్నాడు.

శివరాత్రి వెళ్ళిన రోజులు. వేసవికి కాలువలు ఇంకా కట్టెయ్యలేదు. అడవులదీవి రేవులో ఉప్పు నింపుకుని బయల్దేరాం. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం వైపు నుంచి పైరగాలి లేచింది. నాన్న తెరచాప ఎత్తాడు. మాసికల తెరచాప, ఒక మాసిక మా అమ్మ పాత చీరది. గాలికి అదే ముందు ఉబ్బింది. మనుషులెవరూ లాక్కుండా అంత బరువు ఎదురు నీళ్ళలో దానంతటదే కదలటం నేను మొదటిసారి చూశాను. తడికల కింద చెయ్యి పెట్టి ఉప్పు గళ్ళు తీసి చప్పరిస్తూ కూర్చున్నాను. ఎదురొచ్చే పడవ వాళ్ళు తాతని పలకరించారు.

"ఏం మావా, వంటమనిషిని పెట్టావే."

"జీతం లేని మనిషిరా. తిండి మాత్రం ఇద్దరిది" అన్నాడు తాత.

ఆ మాటకి నాకు ఎంత బలం వచ్చిందో. మనిషిని అన్నాడు, పిల్లని అనలేదు.

ఎండుమెత్తళ్ళు, ఆ చిన్న చేపలతో చింతపండు పులుసు. పొద్దునపూట చద్దన్నం, ఉల్లిపాయ. ఇదే తిండి. రెండో రోజు వంతెన కిందికి పోవటానికి తెరచాప కొయ్య దించారు. వంతెన మీద కొందరు పిల్లలు మా మీద ఉమ్మటానికి కాచుకుని కూర్చున్నారు. నేను పులుసు గరిటె పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాను, వాళ్ళు ఉమ్మలేదు. ఆ సంబరంలో పొయ్యి మీద అన్నం సంగతి మర్చిపోయాను.

"తాతా, అన్నం నల్లబడింది" అన్నాను ఏడుపు గొంతుతో.

తాత ఆ మాడిందే పెట్టించుకుని తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని అన్నాడు. "మాట బాగా నేర్చావు. వంట కూడా నేర్చుకో." నాన్న మొహం అటు తిప్పుకుని నవ్వాడు. అమ్మ పోయాక నాన్న నవ్వటం చూసింది అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున లాకుల దగ్గర ఆగాం. కాలువ నీళ్ళు ఒక చోట ఎత్తుగా, ఒక చోట పల్లంగా ఉంటాయి కదా, ఆ రెంటి మధ్య తలుపులు పెట్టిన రాతి గది లాకంటే. పడవ లోపలికి పోయాక కింది తలుపులు మూసి, పై నీళ్ళు వదులుతారు. నీళ్ళతో పాటు పడవ పైకి లేస్తుంది. మా ముందు రెండు పడవలు ఉన్నాయి. ఆలస్యం అవుతుందని నేను గట్టెక్కాను.

లాకు తలుపులు తీసే లస్కరు ఇల్లు అక్కడే. ఆయన భార్య గడప మీద కూర్చుని బైబిలు చదువుకుంటోంది. పుస్తకం చదివే ఆడమనిషిని అంత దగ్గరగా నేను చూడలేదు. వేలు కదులుతోంది, పెదాలు కదులుతున్నాయి. నేను నిలబడిపోయాను.

"ఎవరమ్మాయివే?"

"ఉప్పు పడవ వాళ్ళమండి."

"చదువుతావా?"

"వంట చేస్తానండి."

ఆవిడ నవ్వి, పెరట్లోకి తీసుకెళ్ళి, దోటితో నాలుగు కాయలు కోసి ఇచ్చింది. "పులుసులో వేసుకోండి. వీటినేమంటారో తెలుసా?"

"పొడుగుకాయలండి."

"అదేం పేరే? మునక్కాయలు. ఏదీ, అను."

గట్టు మీద ఉన్నాం కదా, ఫరవాలేదనుకున్నాను. "మునక్కాయలు" అన్నాను. బాగుంది. ఇంకోసారి అన్నాను. నెలల తరబడి ఎవరూ నాకు ఏదీ ఇవ్వలేదు, ఆ నాలుగు కాయలు చంకలో పెట్టుకుని పరుగెత్తాను. గట్టుకీ పడవకీ మధ్య వేసిన బల్ల మీద ఒక కాలు పెట్టి, ఆ ఊపులోనే అరిచాను.

"తాతా, లాకు అత్త మునక్కాయలు ఇచ్చింది."

తాత చుక్కాని వదిలి లేచాడు. నాన్న చేతిలో గెడ అలాగే ఆగిపోయింది.

"నేను పడవ మీద అనలేదు తాతా. బల్ల మీద అన్నాను. ఈ కాలు గట్టు మీదే ఉంది."

"బల్ల కూడా పడవే" అన్నాడు తాత.

నా చంకలోని కాయలు లాక్కుని కాలువలో పారేశాడు. అవి మునగలేదు. నాలుగూ పక్కపక్కనే తేలుకుంటూ మేము వచ్చిన దారినే పోయాయి. అవి కనపడుతున్నంతసేపూ చూశాను.

"మీ అత్త చెప్పింది నిజమే. ఇక ఏమీ ముట్టుకోకు. నోరు మెదపకు" అన్నాడు.

లాకులోకి పోయాం. పై నీళ్ళు వదిలినప్పుడు పడవ ఊగి, పక్క గోడకి కొట్టుకుంది. నాన్న గెడ ఆనించి నెట్టాడు. లాకు దాటాక గాలి లేదు. నీళ్ళు వడిగా ఎదురొస్తున్నాయి, ఒక మనిషి లాగితే కదిలేట్టు లేదు. తాత చుక్కానిని తాడుతో బిగించి కట్టి, తను కూడా గట్టెక్కాడు. తండ్రీ కొడుకులు ముందుకు వంగి, ఒకే తాడు భుజాన వేసుకుని లాగుతున్నారు. వాళ్ళ వీపులే నాకు కనపడుతున్నాయి. పడవలో నేనొక్కదాన్నే.

చితుకుల కోసం పొయ్యి దగ్గర అడుగు బల్ల ఎత్తాను. కింద నీళ్ళు. పొద్దున చితుకులు తీసినప్పుడు అక్కడ పొడిగా ఉంది. బల్లల అతుకులో నుంచి సన్నగా ఊరుతోంది. వేలు పెట్టి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పన. కాలువ నీళ్ళు తియ్యగా ఉంటాయి. అంటే ఉప్పు కరుగుతోంది.

నేను అన్న మాట వచ్చేసిందనుకున్నాను. పొద్దున అన్నాను, మధ్యాహ్నానికి వచ్చింది.

అరిస్తే వాళ్ళు వింటారు. కానీ ఏమని అరవాలి? ఉన్నది ఒక్క మాటే, అది అనకూడదు. దానికి మారుమాట తాత నాకు నేర్పలేదు. అన్నానికి నేర్పాడు, పొద్దుకి నేర్పాడు, కాయకి నేర్పాడు, దీనికి నేర్పలేదు. పైగా నోరు మెదపొద్దన్నాడు. ఇప్పుడు ఇది కూడా చూస్తే తెనాలి దాకా కూడా ఉంచడు, ఇక్కడే దింపేస్తాడు అనుకున్నాను.

అన్నం తపేలా తీసుకుని తోడటం మొదలుపెట్టాను. వాళ్ళున్న గట్టు వైపు కాకుండా అవతలి వైపు, చప్పుడు కాకుండా, తపేలా అంచు నీళ్ళకి ఆనించి వంచేదాన్ని. ఎన్ని పోశానో తెలియదు, నాకు అప్పటికి లెక్కలు రావు. చేతుల్లో పగుళ్ళు, ఆ పగుళ్ళలో ఉప్పునీళ్ళు. మంటకి పళ్ళు బిగపట్టాను. తోడిన కొద్దీ వస్తోంది. తడికల కింద ఉప్పు రాశి ఒక పక్క గుంట పడటం కనపడుతూనే ఉంది. ఒక్కోసారి నాన్న వెనక్కి చూసేవాడు. అప్పుడు తపేలా ఒళ్ళో పెట్టుకుని తోముతున్నట్టు నటించాను. నాన్న చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఇప్పటికీ నాకు ఆ చెయ్యి ఊపటమే గుర్తొస్తుంది.

పొద్దు వాలుతుండగా అవతలి గట్టున ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. నేను పోసే నీళ్ళు చూసింది, పడవ ఒరగటం చూసింది. నడుం నిలబెట్టి కేకేసింది.

"ఏమయ్యోయ్, తాడు లాగేవాళ్ళూ. మీ పడవ మునిగిపోతోంది, పిల్ల ఒక్కత్తే తోడిపోస్తోంది, వెనక్కి చూసుకోండి."

గట్టు మీద మనిషి. ఆవిడకి ఏ మాటైనా ఒకటే.

తాడు వదిలేసి ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. పడవని గట్టుకి తోసి, తడికలు లాగేసి, ఉప్పు పక్కకి పారతో ఎత్తిపోశారు. నాన్న తలగుడ్డ చింపి అతుకులో కూరాడు. తాత గుగ్గిలం కాచి దాని మీద పూశాడు. ఎడమ పక్క ఉప్పు సగం లేదు. అదంతా అయ్యాక తాత నా ఎదుట కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"లాకు దాటినప్పటి నుంచి."

"కేక వెయ్యలేదేం?"

"ఆ మాట అనకూడదన్నావుగా. నోరు మెదపొద్దన్నావుగా. నేను పొద్దున అన్నాను గదా, అందుకే వచ్చింది."

నాన్న అన్నాడు, గెడ వైపు చూస్తూ. "లాకు గోడకి కొట్టుకుంది నాన్నా. గట్టిగానే తగిలింది."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"నువ్వు కోపంగా ఉన్నావు. తర్వాత చూద్దామనుకున్నా."

తాత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నా చేతులు తిప్పి చూశాడు. అరచేతులు ఉడికినట్టు తెల్లగా ఉన్నాయి, పగుళ్ళు మాత్రం ఎర్రగా. ఆముదం తెచ్చి వేలు వేలుకీ రాశాడు. రాస్తూ అన్నాడు.

"మునిగిపోతోంది తాతా అని అను."

నేను తల అడ్డంగా ఊపాను.

"అను. నేను చెప్తున్నా కదా. గట్టిగా అను."

నా వల్ల కాలేదు. అప్పుడు తనే అన్నాడు. నిండు కాలువ మీద, తన పడవలో కూర్చుని, "మునిగిపోతోంది, మునిగిపోతోంది" అని రెండుసార్లు పెద్దగా అన్నాడు. నేను ఆముదం చేతులతోనే చెవులు మూసుకున్నాను. తాతకి పిచ్చి పట్టిందేమోనని భయమేసింది. ఆముదం రాశాడు, తిట్టలేదు, కాబట్టి నన్ను ఉంచుకుంటాడని కూడా అనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. ఆ పూట పులుసులో మెత్తళ్ళన్నీ ఏరి నాకే వేశాడు.

నాలుగో రోజు తెనాలి రేవు. అత్త వచ్చి నిలబడి ఉంది. నేను కప్పు కిందికి దూరాను. తాతే నా బట్టల మూట తీసుకుని బల్ల మీదుగా దిగి అత్త చేతిలో పెట్టాడు.

"నీ మాటే నెగ్గింది."

నేను పరుగెత్తుకొచ్చి తెరచాప కొయ్య పట్టుకున్నాను. "అన్నం మాడనివ్వను తాతా. ఏ మాటా అనను. అసలు మాట్లాడనే మాట్లాడను."

"అందుకేనే నిన్ను దింపేది" అన్నాడు తాత. అత్తకి చెప్పాడు, నాకు కాదు. "నా మాటకి భయపడి ఈ పిల్ల పొద్దంతా నోరు మూసుకుంది. ఆ చాకలావిడ లేకపోతే పిల్లా లేదు, పడవా లేదు. నీళ్ళ మీద నోరు మూసుకునే మనిషి బతకదు. నీ దగ్గర పెరగనీ. నీకు నోరెక్కువ, కాస్త వంటబట్టుద్ది."

అత్త నవ్వలేదు, కోప్పడలేదు. వచ్చి నా వేళ్ళు కొయ్య మీద నుంచి ఒక్కొక్కటే విడదీసింది. ఆముదం జిడ్డుకి తేలిగ్గానే వచ్చేశాయి. నాన్న ఉప్పు గంపలు మోస్తూనే ఉన్నాడు. ఆ పూట ఆయన నా వైపు చూడలేదు. నేను ఆయన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. ఇప్పుడు కోపం లేదు. కోపానికి ఓపిక కావాలి.

తర్వాత మూడు నాలుగేళ్ళు పడవ వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా తాత రేవు నుంచే కేకేసేవాడు. "ఏమే, నోరు పెరిగిందా?" నేను అత్త నేర్పిన తిట్టు ఏదో ఒకటి తిట్టేదాన్ని. "ఊఁ, పెరుగుతోంది" అనేవాడు. కాలువ గట్టు మీద లారీలు నడవటం మొదలయ్యాక ఉప్పు లారీ ఎక్కింది. పడవని గట్టుకి లాగి బోర్లించారు. ఆ నీడలో మేకలు పడుకునేవి. తర్వాత దాని బల్లలు ఎవరి గొడ్లపాకలోకి పోయాయో తెలియదు. తాత గట్టు మీదే పోయాడు, మంచంలో. నాన్న రేపల్లెలో రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి పోయాడు.

నాకు బాపట్లలో పెళ్ళయింది. తాత చెప్పినట్టే నోరు పెంచుకున్నాను. అత్తగారింట్లో ఎవరూ మెచ్చుకోలేదు. యాభై దాటాక సాయంత్రం బడికి పోయాను. లాకు ఆవిడ వేలు, పెదాలు నాకు ఎప్పుడూ గుర్తుండేవి. అక్కడ వాచకంలో 'ము' కింద కాయ బొమ్మ. అందరూ ఒకేసారి మునక్కాయ అన్నారు, నేను పొడుగుకాయ అన్నాను. మాస్టారు నా పక్కకి వచ్చి, "బొమ్మ చూసి చెప్పకండమ్మా, అక్షరం చూసి చెప్పండి" అన్నాడు. అక్షరం నాకు వచ్చు. చెప్తే నమ్మడని ఊరుకున్నాను. ఆ పాఠం నా చేత వారం రోజులు దిద్దించాడు.

మా ఆయన పోయాక మళ్ళీ తెనాలి చేరాను. సాయంత్రాలు కాలువ దాకా పోయేదాన్ని, ఇప్పుడు మానేశాను. నీళ్ళు కనపడవు. గుర్రపుడెక్క, కవర్లు, కంపు. ఇందులో తెరచాప పడవలు నడిచాయని చెప్తే పిల్లలు మర్యాదకి తల ఊపుతారు.

ఇంతవరకు రాసి మనవరాలికిచ్చాను. అది నిలబడే చదివింది. నోరు కదపకుండా గబగబా చదివేస్తుంది, నాకు అసూయ.

"ఆ మాట వల్ల ఏం కాలేదుగా మామ్మా. గోడకి కొట్టుకోబట్టేగా."

"తెలుసే."

"అయినా నువ్వే రాశావుగా, గట్టు మీద అనొచ్చని. ఇప్పుడు గట్టు మీదేగా ఉన్నావు. ఒక్కసారి అను, వింటాను."

వంటింట్లో కాయలు కోసి గిన్నెలో వేసి ఉన్నాయి. ఈ మధ్య లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. గోడ పట్టుకుని లేచాను.

"గట్టు మీద లేనే. బల్ల మీద ఉన్నాను" అన్నాను.

దానికి వెంటనే అర్థం కాలేదు. పుస్తకంలో వెనక్కి తిప్పి ఆ బల్ల ఎక్కడొచ్చిందో వెతుక్కుంటోంది. నేను పొయ్యి వెలిగించటానికి పోయాను.